రేవు దాటిన కుర్చీ

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మా ఎంవీపీ కాలనీ వీధికి అడ్డంగా చెట్టు కూలింది. మర్నాడు అందరం కలిసి కొమ్మలు నరికి, స్కూటర్ పట్టేంత దారి చేశాం. ఆ ఒక్కరోజుకే ఎంత కంగారుపడ్డామో! కోనసీమలో మా పెద్దమ్మ ఉండే బూరుగులంకకు ఆ కంగారు ఏటా ఉంటుంది.

పోయిన ఆగస్టులో ఆవిడను కంటి ఆపరేషన్ కోసం విశాఖ తీసుకురావడానికి నేనూ తమ్ముడూ కారులో వెళ్లాం. కత్తిపూడిలో 216 జాతీయ రహదారి ఎక్కాం. యానాం దాటాక ఎదుర్లంక వంతెన మీద గోదావరి పాయ గౌతమిని రెండు నిమిషాల్లో దాటేశాం. చిన్నప్పుడు ఇక్కడే నది దాటించే పంటు కోసం ఎండలో పడిగాపులు పడేవాళ్లం. వంతెనకు లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి పేరు చూసినప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటాను.

కానీ వంతెన దాటితే కోనసీమ దీవిలోకి వచ్చినట్టే గానీ, నది పాయల మధ్య ఉన్న పెద్దమ్మ వాళ్ల లంకలోకి వచ్చినట్టు కాదు. పి.గన్నవరం దాటి రేవుకు చేరేసరికి కారు ఆగిపోయింది. వేసవిలో నడిచే మట్టి గట్టు వరదకు కొట్టుకుపోయింది. ఎర్రనీళ్లలో కొత్త వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. పడవలో పాలక్యాన్లు, రెండు మోటార్ సైకిళ్లు, స్కూలు పిల్లలు.

అవతలి ఒడ్డున పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. బురదలో వాళ్ల కాళ్లు మోకాళ్ల దాకా దిగబడుతున్నాయి. ఆవిడ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు గుండె గొంతులోకి వచ్చింది.

"ఎప్పుడూ ఇంతేనా బాబాయ్?" అని పడవాయనను అడిగాను.

"ఆయ్, గోదారి తగ్గేదాకా ఇంతేనండి. రాత్రిపూట నొప్పులొస్తేనే కష్టమండి."

96 నవంబర్ తుఫానులో కొబ్బరిచెట్లన్నీ పడిపోయాక, మూడో రోజుకు గానీ తమ దగ్గరికి పడవ రాలేదని పెద్దమ్మ దారిపొడవునా చెబుతూనే ఉంది. హైవేలు వెడల్పు చేస్తున్నారు, మంచిదే. ముందు ఈ చివరి అరకిలోమీటరు పూర్తి చేయాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మనుషులు బయటపడాల్సింది ఇక్కడి నుంచే.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక బీచ్ రోడ్డుకు తీసుకెళితే, పెద్దమ్మ సముద్రాన్ని కాసేపే చూసింది. తర్వాత రోడ్డునే చూస్తూ కూర్చుంది.

"మా రేవు దగ్గర వంతెనకి పైపలక ఎప్పుడు వేస్తారే?" అంది.