నేల ఉసిరి, నోబెల్ డాక్టరు

మా మెడిసిన్ ప్రొఫెసర్ గారు కామెర్ల రోగిని ట్యూబ్‌లైట్ కింద చూడనిచ్చేవారు కాదు. "వరండాలోకి పిల్చుకొని రాప్పా, ఎండ వెలుతురులో చూడు" అనేవారు. కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో రోగిని కిందికి చూడమని, పై రెప్ప మెల్లగా ఎత్తి, తెల్లగుడ్డు చూపించేవారు. లోపల ఎవరికీ కనపడని పసుపు అక్కడ బయటపడేది.

ఒకరోజు ఆదోని వైపు రైతు నేల ఉసిరి పసరు తాగానన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ ఏమీ అనలేదు. రౌండ్స్ అయ్యాక లైబ్రరీలో 1988 నాటి లాన్సెట్ అనే వైద్య పత్రిక తీసి ముందు పెట్టారు. నేల ఉసిరి మీద మద్రాసు పరిశోధకుల పేపరు. రాసినవాళ్లలో బరూచ్ బ్లూమ్‌బర్గ్ పేరు! 1976లో నోబెల్ అందుకున్న మనిషి.

నిజానికి ఆయన లివర్ స్పెషలిస్టుగా మొదలు కాలేదు. మనుషుల రక్తంలో తేడాలెలా ఉంటాయో చూద్దామని దేశదేశాల నమూనాలు పోగేశారు. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరం (రక్తంలోని పలచటి నీరు), ఆస్ట్రేలియా ఆదివాసీ సీరంతో కలిసేసరికి గీత కట్టింది. ఆదివాసీ సీరంలో ఉండి ఆ గీత కట్టించిన పదార్థమే 1965 నాటి 'ఆస్ట్రేలియా యాంటిజెన్'. మొదట లుకేమియా (రక్త క్యాన్సర్) వైపు అనుమానపడ్డారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకతనికి ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్; ఈ మధ్యలో అతనికి హెపటైటిస్ (లివర్ వాపు) వచ్చిందని తేలాక దారి దొరికింది: ఆ యాంటిజెన్ హెపటైటిస్-బి వైరస్ పైపొరదే. హెపటైటిస్-బి టీకాకు మూలం అదే. 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్ చవగ్గా తెచ్చిన టీకా కూడా ఆ యాంటిజెన్‌తోనే.

మళ్లీ పేపరు సంగతి. 30 రోజులు నేల ఉసిరి మందు వాడిన 37 మంది క్యారియర్లలో (హెపటైటిస్-బి వైరస్‌ను ఒంట్లో ఏళ్ల తరబడి మోసేవాళ్లు) 22 మందికి రక్తంలో యాంటిజెన్ పోయింది. ఉత్తి మాత్ర వేసుకున్న 23 మందిలో ఒక్కరికే. మేం ఎగిరి గంతేయబోతే సార్ ఆపారు. "మామూలు కామెర్లు ఊరికే ఉన్నా తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. అందుకే క్యారియర్లను తీసుకున్నారు. ఇంకోచోట కూడా తేలనీ." తేలలేదు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అంత ఫలితం రాలేదు.

ఈనాటికీ నా ఓపీలో పసరు తాగావా అంటే ఎవరూ ఔనని చెప్పరు. "మీ వైపు ఏ ఊళ్లో పోస్తారన్నా, మంచిదా?" అని అడిగితే చాలు, ఊరు, వారం, పథ్యం, ఎన్ని పొద్దులు మింగారో అన్నీ చెప్తారు. ఆ అడిగే తీరు సార్‌దే.