కప్పల్ని ఎందుకు తెచ్చారు? కప్పలు ఏం చేశాయి?

నిన్న బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చింది. పాసయ్యాను! అప్లికేషన్, హాల్ టికెట్, విజయనగరంలో సెంటరు, ఏ ఇబ్బందీ లేదు. లెక్కలు, రీజనింగ్ నాకు మొదటి నుంచీ వచ్చు. నన్ను ఏడిపించింది ఇంగ్లీషు ప్యాసేజీ.

శ్రీకాకుళంలో నేను చేరిన కోచింగ్ పేరు చెప్పను. ఒకరోజు ఆస్ట్రేలియా కప్పల ప్యాసేజీ ఇచ్చారు. చెరుకు పురుగుల్ని తింటాయని 1935లో హవాయి నుంచి కేన్ టోడ్ అనే పెద్ద కప్పల్ని క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు. పురుగులు తగ్గలేదు. కప్పలు మాత్రం ఊళ్లకు ఊళ్లు నిండిపోయాయి. వాటిని తిన్న ఉడుములు, పాములు విషంతో చచ్చాయి. తేవడం వల్ల ఏం జరిగిందన్నది ప్రశ్న. 'పురుగుల బెడద తగ్గింది' అని పెట్టాను. 'టు కంట్రోల్' అని కళ్లెదుటే ఉంది మరి.

సారు నిలబెట్టారు. "తగ్గించడానికి తెచ్చారమ్మా. తగ్గిందని ఎక్కడుంది? చూపించు."

లైను లైనుకీ వేలు పెట్టి వెతికాను. లేదు.

"పెళ్లిచూపులకొస్తే పెళ్లైపోయినట్టేనా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆయన ఉద్దేశం నాకు నేర్పాలనే కావచ్చు. జరిగింది మాత్రం నేను వారం రోజులు క్లాసు మానేయడం.

ఇంట్లో ఏడుస్తుంటే అమ్మ అడిగింది. "మీ నాన్న మేకనెందుకు కొన్నాడు?"

"పాలకి."

"ఏటైనాది?"

"బీరపాదు మేసేసింది."

"పాలిచ్చిందా?"

"లేదు."

"మరింకేటి ఏడుపు?" అని పొయ్యి దగ్గరికెళ్లిపోయింది.

అప్పట్నుంచి 'ఇంటెండెడ్', 'ఎయిమ్డ్', 'ఇన్ ఆర్డర్ టు' కనిపిస్తే మేకని కొనడం. 'లెడ్ టు', 'రిజల్టెడ్ ఇన్' అంటే పాదు పోవడం. ఎందుకని అడిగితే మొదటిది, ఏమైందని అడిగితే రెండోది. తిరగేసి కూడా బోల్తా కొట్టిస్తారు. ఉడుములు చచ్చాయి కదాని, చంపడానికే తెచ్చారన్న ఆప్షన్ పెట్టేయకండి. ప్యాసేజీలో మాటల్నే అచ్చంగా దించిన ఆప్షన్ని చూడగానే నమ్మేయొద్దు. ప్రిలిమ్స్ ఇంగ్లీషులో 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. కంగారులో చెయ్యి దానిమీదకే పోతుంది. లావుపాటి గైడ్లు కొనకండి, నా డబ్బులు పోయాయి.

ఇక మెయిన్స్ ఉంది. మేకని నాన్న ఇంకా అమ్మలేదు. ఈసారి తప్పకుండా ఈనుతుందట.