ప్లస్ గుర్తు ఎక్కడ పోయింది

ఇవాళంతా ఒక ప్లస్ గుర్తు వెనకాలే తిరిగాను. ఫోన్ నంబరుతో వెతికితే కొందరు కస్టమర్ల వివరాలు రావడం లేదని సపోర్ట్ వాళ్లు పొద్దున్నే చెప్పారు. లాగ్ (సర్వర్‌కి వచ్చిన రిక్వెస్టుల నమోదు) తెరిస్తే సంగతి తెలిసింది. లింకులో +91తో బయల్దేరిన నంబరు, మా కోడ్ చేతికి వచ్చేసరికి ముందు ఒక స్పేస్, ఆ తర్వాత 91 అయిపోయింది.

ఇందులో సర్వర్ తప్పేం లేదు. వెబ్ ఫారాలు స్పేస్‌ని + గా మార్చి పంపడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అందుకే పైథాన్ అయినా పీహెచ్‌పీ అయినా (రెండూ ప్రోగ్రామింగ్ భాషలే) క్వెరీ స్ట్రింగ్‌లో, అంటే లింకులో ? తర్వాతి భాగంలో, + కనిపిస్తే స్పేస్ అనే చదువుతాయి. నిజంగా ప్లసే కావాలంటే పంపేవాళ్లు %2B అని రాయాలి. మా మొబైల్ యాప్ నంబరును ఉన్నదున్నట్టు లింకుకి అతికిస్తోంది. "నంబరు ముందు స్పేస్ ఉంటే మనమే ప్లస్ పెట్టేద్దాం" అని మీటింగ్‌లో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈమెయిల్ అడ్రస్ మధ్యలో ప్లస్ ఉన్నవాళ్ల సంగతేంటి? సరిచేయాల్సింది పంపే చోటే.

మధ్యాహ్నం టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తన కోడ్ చూపించింది. క్వెరీ మొత్తాన్ని ముందు డీకోడ్ చేసి (అంటే %2B లాంటి కోడ్‌లను అసలు గుర్తులుగా మార్చి), ఆ తర్వాత & దగ్గర ముక్కలు చేస్తోంది. లింకులో ఒక పేరామీటర్‌ని (పేరు=విలువ జతని) ఇంకోదాని నుంచి విడదీసే గుర్తు అదే. "ముందే డీకోడ్ చేస్తే చదవడానికి బాగుంటుంది కదక్కా" అంది. "సిమెంట్ & స్టీల్" అని వెతికి చూడమన్నాను. ఆ గుర్తుకి కోడ్ అయిన %26 కాస్తా & అయిపోయి, స్టీల్ వేరే పేరామీటర్‌గా విడిపోయింది. కిరాణా పొట్లాలన్నీ ఒకే సంచిలో విప్పి పోశాక ఏది కందిపప్పో ఏది పెసరపప్పో ఏరుకోవడం లాంటిదే ఇది. ముందు & దగ్గర విడగొట్టాలి, ఒక్కో ముక్కలో మొదటి = దగ్గర పేరునీ విలువనీ వేరు చేయాలి, డీకోడ్ ఆ తర్వాతే. అసలు ఇదంతా చేత్తో రాయకుండా లైబ్రరీకి (ముందే రాసిపెట్టిన కోడ్‌కి) వదిలేయడం మేలు.

లైబ్రరీలకీ ఎవరి పద్ధతి వాళ్లది. ఒకే పేరు రెండుసార్లు వస్తే పీహెచ్‌పీ చివరి విలువ ఉంచుకుంటుంది, జావా సర్వ్‌లెట్‌లో (జావాలో రాసే సర్వర్ కోడ్‌లో) మామూలుగా అడిగితే మొదటిది వస్తుంది, పైథాన్ రెండింటినీ లిస్టుగా ఇస్తుంది. ముందున్న సర్వర్ ఒక విలువను తనిఖీ చేసి, వెనకున్నది ఇంకోదాన్ని వాడితే అది భద్రతకే ముప్పు. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదే. పైథాన్ 2021లో సెమికోలన్‌ని (;) డిఫాల్ట్ విభజన గుర్తుగా తీసేసింది కూడా ఇలాంటి తేడాల వల్లే.

సాయంత్రం టెస్టులు రాశాం. "తెలుగు" అనే చిన్న మాట ఎన్‌కోడ్ అయ్యాక (% కోడ్‌లుగా మారాక) 54 అక్షరాలవుతుందని చూసి ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. విలువ లేని పేరామీటర్‌ని పైథాన్ మామూలుగా వదిలేస్తుంది, దాన్నీ టెస్టుల్లో చేర్చాం. యాప్ టీమ్ సవరణ రేపు వస్తుందట.