డ్రోన్ సర్వేకి సిస్టమ్ కొంటున్నారా, ముందు డిస్కుల సంగతి చూడండి

నేను ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటూ పిల్బరా ఐరన్ ఓర్ మైన్లలో డ్రోన్ సర్వే చేస్తుంటా. మన పిల్లలు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే, అన్నా ఫొటోల ప్రాసెసింగ్‌కి ఆర్టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటావా అని. తీసుకోండి, మంచి కార్డే, కానీ ఉన్న డబ్బంతా దానికే పోసి 32 జీబీ ర్యామ్, ఒక్క 1 టీబీ డిస్కుతో కూర్చుంటే పని ముందుకి సాగదు.

ఆంధ్రాలో 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేలో పని నేర్చుకుని ఇటొచ్చే వాళ్లున్నారు. అక్కడ పొలం గట్టు వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది, ఫొటోలు పోతే మళ్లీ ఎగరేయొచ్చు. ఇక్కడ నెలాఖరున స్టాక్‌పైల్ (తవ్విన ఓర్ కుప్ప) మీద ఎగరేసి దిగేసరికే లోడర్లు దాన్ని ఎత్తడం మొదలుపెడతాయి, తెల్లారేసరికి ఆ కుప్ప ఆకారమే మారిపోతుంది, నిన్న ఎంతుందో లెక్క కట్టాలంటే డ్రోన్ మెమరీ కార్డులో ఉన్న ఫొటోలే దిక్కు. అందుకే నా దృష్టిలో స్టోరేజీయే మొదటి ఖర్చు.

లెక్క చూడండి. డ్రోన్‌కి తగిలించే జెన్‌మ్యూజ్ పీ1 కెమెరా 45 మెగాపిక్సెల్, ఫొటోకి 20 ఎంబీ వేసుకున్నా 3000 ఫొటోలంటే 60 జీబీ. ఫొటోల నుంచి 3డీ మోడల్ కట్టే మెటాషేప్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెస్ పెడితే డెప్త్ మ్యాపులు (ఫొటోలో ఏది ఎంత దూరమో చెప్పేవి), పాయింట్ క్లౌడ్ (3డీ చుక్కల గుంపు), ఆర్థో (కొలతలకి పనికొచ్చేలా అతికిన పై ఫొటో) అన్నీ కలిపి దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. క్వాలిటీ అల్ట్రా హై పెడితే ఫొటోని పూర్తి సైజులో చూస్తుంది, హై పెడితే పిక్సెల్స్ నాలుగో వంతుకి తగ్గుతాయి, స్టాక్‌పైల్ వాల్యూమ్‌కి హై చాలు, ఊరికే అల్ట్రా పెట్టి రాత్రంతా మిషన్ని అరగదీయొద్దు.

డెప్త్ మ్యాపుల దగ్గర గ్రాఫిక్స్ కార్డు బాగా పనికొస్తుంది నిజమే, కానీ డెమ్ (నేల ఎత్తుల మ్యాప్), ఆర్థో దగ్గరికొచ్చేసరికి భారం ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద పడుతుంది. నేనైతే 128 జీబీ ర్యామ్ వేసుకుని కార్డు ఒక మెట్టు దించుకోమంటా, 12 జీబీ మెమరీ ఉన్నదైనా ఈ పనికి నడుస్తుంది. ప్రాజెక్టు ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) మీద ఉండాలి, మామూలు హార్డ్ డిస్క్ సాధారణంగా సెకనుకి 150-250 ఎంబీ దగ్గరే ఆగుతుంది, దాన్ని బ్యాకప్‌కే ఉంచుకోండి. నాస్‌లో (నెట్‌వర్క్‌లో పెట్టే డిస్కుల పెట్టెలో) రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా డిస్కుల్ని కలిపే పద్ధతి) ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, రెయిడ్ డిస్కు పోతే కాపాడుతుంది గానీ ఎవరైనా ఫోల్డర్ డిలీట్ కొడితే కాపాడదు.

క్లౌడ్‌లో పెట్టొచ్చుగా అంటారు. సైట్‌లో 20 ఎంబీపీఎస్ లింక్ దొరికిందనుకోండి, 60 జీబీ ఎక్కడానికి దాదాపు ఏడు గంటలు, అదీ మధ్యలో తెగకపోతే. కాబట్టి క్యాంపులో ఒక కాపీ, పెర్త్ ఫ్లైట్‌లో బ్యాగులో ఇంకో కాపీ.

కాపీ చేసేటప్పుడు జేపెగ్‌లు మాత్రమే లాగేసే వాళ్లని చూశా. అదే ఫోల్డర్లో ఎంఆర్‌కే ఫైలు (ఒక్కో ఫొటో ఎప్పుడు, ఎక్కడ తీసిందో రాసేది), శాటిలైట్ అబ్జర్వేషన్ ఫైలు ఉంటాయి, ఎగిరేటప్పుడు ఆర్టీకే (పొజిషన్‌ని అప్పటికప్పుడే సరిచేసే) సిగ్నల్ తెగితే తర్వాత పొజిషన్ సరిచేసుకోవడానికి అవే ఆధారం. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, రెండు చోట్లా చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కలిశాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయండి. రిపోర్టు క్లయింట్ ఒప్పుకున్నాక డెప్త్ మ్యాపులు తీసేయొచ్చు, పాయింట్ క్లౌడ్‌ని ల్యాజ్ (కుదించిన ఫైలు) చేసి దాచండి, ఒరిజినల్ ఫొటోలు, కంట్రోల్ పాయింట్ల (నేల మీద కొలిచి పెట్టిన గుర్తుల) ఫైలు మాత్రం ఎప్పటికీ ముట్టుకోవద్దు.