కారులో లినక్స్: నాలుగు కార్డులు, ఒక తాళంచెవి

నిన్నటితో వంద రోజులు. ఈ వంద రోజుల్లో మా కారు తెరను నడిపే లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

పాత స్టీరియో పాడైతే కొత్తది కొనమన్నారు. టయోటా తన 2018 క్యామ్రీలో లినక్స్ పెట్టింది, పద్దెనిమిదేళ్లుగా అదే వాడుతున్న నేను పెట్టలేనా అనిపించింది. రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, ఏడు అంగుళాల టచ్ స్క్రీన్, 32 జీబీ మెమరీ కార్డు కొన్నాను. కార్డు మీదికి ఓఎస్ ఎక్కించడం, పాటలకు 'కోడి' (Kodi) అనే సాఫ్ట్‌వేర్ పెట్టడం, స్టీరింగు కింద ఇంజిన్ వివరాలు చెప్పే ఓబీడీ సాకెట్‌కు బ్లూటూత్ ఎడాప్టర్ తగిలించి ఇంజిన్ వేడిని తెర మీద చూడడం ఒక్క ఆదివారంలో అయిపోయాయి. కరెంటు మాత్రం సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన ఫోను చార్జరు నుంచి తీసుకున్నాను.

వారం తిరగకుండానే కార్డు చెడిపోయింది. ఇంకోటి కొన్నాను, అదీ పోయింది. మూడోది పోయాక కోఠిలోని దుకాణానికి వెళ్లి, నకిలీ సరుకు అమ్ముతున్నారని పదిమంది ముందు గొడవపడ్డాను. అతను బిల్లు చూపించమన్నాడు. బిల్లు అడిగితే ఇవ్వనిదీ అతనే. నాలుగోది మరో దుకాణంలో రెట్టింపు ధర పెట్టి కొన్నాను.

ఆ నాలుగో కార్డుతోనే విజయవాడలో పెళ్లికి బయలుదేరాం. ముందు సీట్లో ఆర్టీసీలో రిటైరైన మా పెద్ద మామయ్య. చౌటుప్పల్ దాకా నా గొప్పలు విన్నారు. అక్కడ టీ తాగి మళ్లీ బండి తీయగానే తెర నల్లబడి తెల్లటి అక్షరాలు వచ్చాయి. మామయ్య కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు: 'యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్'.

"ఒరేయ్, బండి పక్కకు ఆపు!"

అది కారుకు కాదు, పాటల పెట్టెకు వచ్చిన ఎమర్జెన్సీ అని ఎంత చెప్పినా వినలేదు. పట్టుచీరల్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్లను ఎండలో దింపి బానెట్ తీయించారు. తెర మీద కింది వరుసలో రూట్ (సర్వాధికారాలున్న) ఖాతాకు తాళం వేసి ఉందనీ, ఎంటర్ నొక్కమనీ ఉంది. నొక్కడానికి కీబోర్డు ఏదీ? పెళ్లిలో మామయ్య ఈ కథను వియ్యాలవారితో సహా అందరికీ చెప్పారు. భోజనాల దగ్గర ఎవరో నన్ను 'ఎమర్జెన్సీ అల్లుడు' అన్నారు.

తిరిగొచ్చాక సర్వీసు సెంటరు వాళ్లు వైరింగు చూడమంటేనే మొహం తిప్పుకున్నారు. వేపచెట్టు కింద కూర్చునే ఆటో ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంప్ సాకెట్‌లో పెట్టి, "ఇప్పుడు స్టార్ట్ చేయండి సార్" అన్నాడు. తాళంచెవి స్టార్ట్ వైపు తిప్పినంతసేపూ దీపం ఆరిపోయింది! స్టార్టర్ మోటారుకు బ్యాటరీ బలమంతా అందాలని ఆ క్షణం సాకెట్‌కు కరెంటు ఆపేస్తారట. అంటే తాళం పెట్టగానే లినక్స్ లేవడం మొదలుపెడుతుంది, ఇంజిన్ తిప్పగానే ప్రాణం పోతుంది. దిగేటప్పుడు మళ్లీ అదే. కార్డు మీద రాస్తూ ఉండగా రోజుకు నాలుగైదుసార్లు గొంతు నొక్కితే ఏ కార్డు బతుకుతుంది?

ఇప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో ఒక వైరు, దానికి 5 వోల్టుల కన్వర్టరు పెట్టాను. తాళం వైరు సంకేతం ఇవ్వడానికి మాత్రమే. దాన్ని ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుగు ద్వారా దాటించి రెండు సర్క్యూట్లనూ విడిగా ఉంచే చిన్న భాగం) లేకుండా బోర్డుకు కలపకండి, ఆ పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. సంకేతం పోయాక పది సెకన్లు ఆగి, అప్పటికీ రాకపోతేనే షట్‌డౌన్ చేసేలా చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. నిమిషం తర్వాత రిలే అనే స్విచ్చు కరెంటును పూర్తిగా తెంచుతుంది, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. బోర్డు సెట్టింగుల మెనూ అయిన రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ కూడా ఆన్ చేశాను కాబట్టి రాతలన్నీ ర్యామ్‌లోకే వెళ్తాయి, కార్డు జోలికి పోవు. కొత్త పాటలు ఎక్కించాలంటే ఆ ఓవర్‌లేను ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయాలి, అదొక విసుగు. బోర్డులో గడియారం లేదు, ఫోను హాట్‌స్పాట్ అందేదాకా తప్పు టైమే చూపిస్తుంది.

కోఠి దుకాణం కార్డుల్లో ఏ దోషమూ లేదని తేలింది. మూడింటినీ ఫార్మాట్ చేస్తే రెండు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వెళ్లి ఆ మాట చెప్పమంటుంది మా ఆవిడ. బిల్లు ఇవ్వనివాడికి నేను చెప్పను.