నిక్కరు లాగితే ఆటా? బడిలో ఫిర్యాదు నడిపిన అనుభవం

అనంతపురంలో ఆరో తరగతి చదివే మావాడికి ఇంటర్వెల్లో, కొళాయిల దగ్గర, అందరూ చూస్తుండగా తోటి పిల్లలు నిక్కరు లాగేశారు. ఇలాంటిది మీ ఇంటిదాకా వస్తే పనికొస్తుందని మేం చేసినవన్నీ రాస్తున్నాను.

ముందు పిల్లవాడి మాట వినాలి. ‘ఏమైంది?’, ‘ఆ తర్వాత?’ ఇంతే చాలు. ‘అక్కడ తాకినాడా?’ అని జవాబు మనమే అందిస్తే పిల్లలు మన మొహం చూసి ఊ కొడతారు, రేపు ఇంకెవరైనా అడిగితే మాట మారుతుంది. వాడు చెప్పింది వాడి మాటల్లోనే ఆ రాత్రే రాసిపెట్టాం, తేదీ, చోటు, సమయంతో సహా. బంధువులు వచ్చినప్పుడల్లా వాడిచేత మళ్లీ చెప్పించలేదు.

తర్వాత హెడ్‌మాస్టరుకు అర్జీ, రెండు కాపీలు. ఒకదాని మీద బడి ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని మన దగ్గర పెట్టుకోవాలి. ‘అల్లరి చేశారు’ అని రాస్తే అల్లరికి తగ్గ జవాబే వస్తుంది. ‘ఒకరు చేతులు పట్టుకున్నారు, ఇంకొకరు లాగారు, వద్దన్నా వదల్లేదు’ అని జరిగింది జరిగినట్టు రాయాలి. ఇంటర్వెల్లో కొళాయిలు, మరుగుదొడ్ల దగ్గర ఒక టీచరు ఉండాలని, సెక్షన్ మారిస్తే లాగినవాళ్లనే మార్చాలని, ప్రార్థనలో క్షమాపణ చెప్పించొద్దని అడిగాం. అందరి ముందు సిగ్గుపడినవాణ్ని మళ్లీ అందరి ముందే నిలబెట్టడం ఎందుకు?

‘పిల్లోళ్ల ఆటలే కదప్పా, పెద్దది చేయద్దు’ అన్నారు బడివాళ్లు. వాడూ నవ్వాడన్నారు. క్లాసంతా నవ్వుతుంటే పదకొండేళ్లవాడు ఇంకేం చేస్తాడు? ఇష్టం లేకుండా ఒకరి ఒళ్లు బయటపెట్టడంలోనే ఉంది ఆ నవ్వంతా. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గలేదు.

చట్టం సంగతి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు మగపిల్లలకూ వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశం ఉందా అన్నది అందులో కీలకం కాబట్టి ప్రతి నిక్కరు లాగుడూ పోక్సో కేసు కాదు. కానీ మర్మాంగాలు పట్టుకున్నా, ఫోన్లో తీసినా, బాగా పెద్దవాడు చేసినా, ఆపమన్నాక మళ్లీ చేసినా బడి నాలుగు గోడల మధ్యే సర్దేయకూడదు. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, రాత్రి పగలు ఎప్పుడైనా పలుకుతారు, డబ్బు పడదు. పోక్సో నేరమని తెలిసీ చెప్పకుండా దాచడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. వీడియో ఉంటే గ్రూపుల్లో పంపనే వద్దు. చేసినవాళ్లు ఏడేళ్లలోపువాళ్లైతే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) దాన్ని నేరంగా చూడదు. అంతకు పెద్ద పిల్లల మీద కేసంటూ వస్తే మామూలు కోర్టుకు కాదు, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది.

లాగిన పిల్లవాణ్ని వాళ్ల నాన్న బడిలోనే కొట్టబోతే ఆపాం. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఎటూ నిషేధించింది. తర్వాత తెలిసింది, హాస్టల్లో పెద్ద పిల్లలు వాడికీ ఇదే చేశారని. వాడితోనూ కౌన్సెలర్ కూర్చోవాలని పట్టుబట్టాం.

గొడవ సద్దుమణిగాక కూడా పిల్లల్ని కనిపెట్టుకునుండాలి. బడిలో నీళ్లు తాగకపోవడం, ఒంటేలు ఆపుకుని ఇంటికి పరుగెత్తుకు రావడం, పొద్దున్నే కడుపునొప్పి, లోపల రెండు నిక్కర్లు వేసుకోవడం ఉంటే భయం పోలేదనే అర్థం. ఆపుకునే పిల్లలకు మంట, జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి.

పండక్కి వచ్చే మామలు, చిన్నాన్నలు చంటిపిల్లల చెడ్డీ లాగి నవ్వించడం మా ఇళ్లలోనూ ఉంది. దాన్నీ ఆపించాం. ‘మేమూ అట్లే పెరిగినాం లే’ అని కొందరు నొచ్చుకున్నారు, అయినా సరే.