గంజిలాగానా, పెరుగులాగానా, తరవాణిలాగానా?

"ఎలా అవుతోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"తెల్లబట్ట మేడమ్."

"అది చీటీలోనే రాసుంది. చూడటానికి ఎలా ఉంటోంది? గంజిలాగానా, పెరుగు విరిగినట్టా, తొరాణిలాగానా?"

ఆవిడ ఒడియా మనిషి. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలామందిలాగే ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తుంది. తొరాణి అంటే మన తరవాణే, పులిసిన అన్నం నీళ్లు. పొద్దున్నే ఉప్పు, పచ్చిమిరపకాయ వేసుకుని తాగేదాన్ని తెచ్చి అక్కడ పోలుస్తుంటే నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. మూడు వారాలుగా గోక్కుంటున్నాను, రోజుకు నాలుగుసార్లు కడుక్కుంటున్నాను, ఒక్కసారి కూడా సరిగ్గా చూసుకోలేదు. చూడటానికే అసహ్యం.

నాకు 41 ఏళ్లు. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. పరాయి గుడ్డ మీద ఆవగింజంత మరక ఉన్నా కనిపెట్టేస్తాను, నా గుడ్డ మాత్రం చూడకుండానే నీళ్లలో ముంచేస్తాను. ఇది చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. పెద్దమనిషినయిన కొత్తలో తెల్లబట్ట అవుతోందని అమ్మకి చెబితే, "ఎముకలు కరిగిపోతున్నాయే" అని గుండె బాదుకుంది. బార్లీ, మెంతులు, సుగంధిపాల వేర్లు అన్నీ తాగించింది. అప్పట్నుంచి నెలలో నాలుగైదు రోజులు కాస్త తడిగా అనిపిస్తే చాలు, నా వెన్నెముక ఒక అంగుళం కరిగినట్టే లెక్క. నడుం నొప్పి, నీరసం, అన్నీ దాని ఖాతాలోనే. రోజుకు పది గంటలు మిషన్ మీద వంగి కూర్చుంటే ఎవరి నడుమైనా నొప్పెడుతుందన్న ఆలోచనే రాలేదు. పెళ్లయ్యాక ఇంకో తెలివి చూపించాను. చెంబుడు నీళ్లలో యాంటిసెప్టిక్ లోషన్ కలిపి లోపలిదాకా కడగడం. ఎంత మండితే అంత శుభ్రం అనుకునేదాన్ని.

అసలు జబ్బు పోయిన ఎండాకాలం వచ్చింది. పెళ్లిళ్ల బ్లౌజులు కుప్పగా ఉన్నాయి. గొంతు నొప్పి వస్తే మందుల షాపులో అడిగి ఐదు రోజులు యాంటీబయాటిక్ వేసుకున్నాను. గొంతు తగ్గింది. వారం తిరగకుండా కింద దురద మొదలైంది. వేడి చేసిందని మళ్లీ బార్లీ కాచాను. తగ్గకపోతే అదే షాపులో ఒక క్రీము ఇచ్చారు. రాస్తే రెండు రోజులు ప్రాణం లేచొచ్చింది, మూడో రోజు నుంచి మంట రెట్టింపయింది. (అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరమ్మ ట్యూబు వెనక చూసి చెప్పింది. దురదని కాసేపు నొక్కి పెడుతుందిగానీ ఫంగస్‌ని ఇంకా పెరగనిస్తుందట.) మూత్రం పోస్తే చర్మం చిట్లినచోట కారం పడ్డట్టుండేది. స్టూలు మీద పాత నూలు చీర నాలుగు మడతలు వేసుకున్నా కూర్చోలేకపోయాను. బ్లౌజులు అడగడానికి వచ్చిన వాళ్లకి కరెంటు లేదని అబద్ధం చెప్పాను.

"పెరుగు విరిగినట్టే ఉంది," అని పరీక్ష చేసి ఆవిడే చెప్పింది. నేను భయపడినంత ఏమీ లేదు ఆ పరీక్షలో. గుండె దడ తప్ప నొప్పి తక్కువే. ఒక కాగితం ముక్కని ఆ తడికి తాకించి రంగు చూసింది. యోని లోపల మామూలుగా పులుపు ఉండాలట, పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 దాకా. ఆ పులుపుని తయారుచేసేది లాక్టోబాసిల్లై అనే మంచి బాక్టీరియా. "మీ తరవాణి కుండలో పని చేసేవి కూడా ఆ జాతివే. కుండని రోజూ సబ్బేసి తోమితే తరవాణి పులుస్తుందా?" అంది. ఇన్నేళ్లూ నేను చేసింది సరిగ్గా అదే.

ఆవిడ చాలా ప్రశ్నలు అడిగింది. ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో జబ్బు ఉందని తర్వాత అర్థమైంది. చేపల వాసన వస్తోందా, పల్చగా బూడిద రంగులో ఉందా అంటే బాక్టీరియా అదుపు తప్పిందేమోనని. పసుపుపచ్చగా, నురగగా ఉందా అంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం. అదైతే మొగుడికీ మందు వాడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉన్నాయా అని రెండుసార్లు అడిగింది. ఉంటే గర్భసంచి, ట్యూబుల దాకా పాకిందేమో చూడాలి, ఆ రోజే రావాలి. నెలసరి తప్పిందా, ఆయనతో కలిశాక రక్తం కనిపిస్తోందా అని కూడా అడిగింది. అన్నిటికీ లేదన్నాను. నాది కాండిడా అనే ఫంగస్ అని తేల్చింది. "మీ ఆయన వల్ల వచ్చిందనుకోకు, ఇది సాధారణంగా అలా వచ్చేది కాదు. ఆయనకి దురద లేకపోతే మందు అక్కర్లేదు" అని నేను అడక్కముందే చెప్పింది. ఆ మాటకి ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది. ఎందుకంటే మూడు వారాలుగా నా బుర్రలో తిరుగుతున్నది అదే.

రాత్రిపూట లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు వారం రోజులు, మింగడానికి ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, ఆ రెంటికీ మధ్య మూడు రోజుల తేడా. గర్భంతో ఉన్నవాళ్లకి ఆ మింగేది ఇవ్వరట. సబ్బూ లోషనూ బంద్, పైపైన మామూలు నీళ్లే. నైలాన్ బదులు నూలు బట్ట. లేవబోతుంటే, "షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నావా?" అంది. లేదు. వేలు గుచ్చి చూస్తే 268. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.9. ఒంట్లో షుగర్ ఎక్కువైతే ఈ ఫంగస్‌కి పండగే. నీరసం ఎముకలు కరిగి కాదు, దీని వల్ల.

నాలుగో రోజుకి దురద తగ్గింది, పదో రోజుకి మిషన్ ఎక్కాను. షుగర్ మాత్రలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అన్నం తగ్గించడం కంటే తరవాణి తగ్గించడం కష్టంగా ఉంది.

ఇప్పుడు గుడ్డ చూస్తున్నాను. నెలసరి అయ్యాక కొన్ని రోజులు దాదాపు ఏమీ ఉండదు. నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుతూ, వేళ్ల మధ్య సాగుతుంది. తర్వాత చిక్కబడి గంజిలా తెల్లగా మారుతుంది. ఆరితే లేత పసుపు మరక. దురద లేదు, మంట లేదు, ముక్కు మూసుకోవాల్సిన వాసనా లేదు. పద్నాలుగో ఏట నుంచి నేను వైద్యం చేసుకుంటూ వచ్చింది దీనికే. అదీ, మొన్న పెరుగు విరిగినట్టు అయిందీ, రెండూ మాకు తెల్లబట్టే. ఒకే మాట.

ఓ సాయంత్రం మా ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీకి ఇదంతా చెబుతుంటే, పక్కన బియ్యం ఏరుతున్న మా అత్త తల ఎత్తకుండానే అడిగింది, "ఎర్రగా అయితేనో?"

ఆవిడకి 66. ముట్లుడిగి పదిహేనేళ్లు.

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

"సంక్రాంతి నుంచి. చుక్కలే."

అప్పటికి ఆషాఢం. దీదీ చేటని పక్కకి జరిపి, రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దామంది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా కాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందేనట. స్కానింగ్ చేశారు, గర్భసంచి లోపలి పొర కాస్త తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ పన్నెండు రోజులూ ఆవిడ మామూలుగానే ఉంది. నాకు మాత్రం ఒక్క జాకెట్టు చెయ్యి కూడా సరిగ్గా కుదర్లేదు. కాన్సర్ కాదు, వయసుకి యోని లోపలి పొర పల్చబడి ఎండిపోయిందన్నారు, రాసుకోవడానికి క్రీము ఇచ్చారు.

"ఇన్ని నెలలూ ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను.

"నువ్వు చెప్పావేంటి?" అంది అత్త.